మానుకోటలో శిక్షణ

“ఆడ సంతకం నా పేరుతోని పెట్టాల్నా, నీ పేరుతోనా?” చెప్పులు తొడుక్కుంటూ అడిగాడు వీరస్వామి.

“మీ పేరే అడుగుతరు. మీదే పెట్టుండ్రి,” అంది రజని, టిఫిన్ డబ్బా సంచిలో సర్దుతూ.

ఆ మాట వీరస్వామికి తెగ నచ్చింది. ఎట్టకేలకు ప్రభుత్వానికి కూడా బుద్ధి వచ్చిందనుకున్నాడు. కురవి దగ్గరి ఆ ఊళ్ళో సర్పంచ్ సీటు మహిళలకు రిజర్వు అయితే, ఆయన భార్య రజని పోటీ చేసి గెలిచింది. దండలు మాత్రం వీరస్వామి మెడలో పడ్డాయి. ఆఫీసులో కుర్చీ ఆయనది, పక్కన స్టూలు ఆమెది. ఊళ్ళో ‘సర్పంచ్ సాబ్’ అంటే చిన్నపిల్లలు కూడా ఆయన్నే చూపిస్తారు. సర్పంచులకు మానుకోటలో శిక్షణ ఉందని కార్యదర్శి సుజాత ఫోన్ చేసి చెప్పినప్పుడు, తాను కాక ఇంకెవరు వెళ్తారని ఆయన ఇస్త్రీ చొక్కా తీశాడు.

“ఇయ్యాల గ్రామసభ ఉండె గదా?” అంది రజని.

“నేను లేకుంట సభేంది? ఎల్లుండి పెడదాం. ఇగో, సంత జాగ ముచ్చట మాత్రం ఎవ్వలెత్తినా ఊకోవద్దు. ఆడ దుకాణాలకు రెండు షెటర్లు కట్టుడే, కిరాయికిచ్చుడే.”

“ఆడోళ్ళకు మరుగుదొడ్డి కట్టిస్తనని ఓట్లడిగిన నేను.”

“ఓట్లప్పుడు సవాలక్ష అంటం. అన్నీ చేస్తమా?”

రజని డబ్బా సంచి ఆయన చేతికిచ్చింది. సంతలో కూరగాయలమ్మే ఎల్లక్క పొద్దున గంప దించిందంటే చీకటి పడేదాకా గుక్కెడు నీళ్ళు తాగదు. తాగితే ఎక్కడికి పోవాలి? ఈ మధ్య మూత్రంలో మంటతో దవాఖానలో రెండు రోజులు పడుకుంది. ఈ సభలో తీర్మానం కాకపోతే ఆ జాగా షెటర్లకు పోయినట్టే.

“పైలంగ పోయి రాండ్రి. మంచిగ ఇనుండ్రి,” అంది.

“నీ లెక్క కాదు. పోయిన నెల చెల్లె కాన్పని గార్లల ఐదొద్దులు కూసుంటివి. ఆఫీసంత నేనే సంభాళించిన,” అని వీరస్వామి పోయి బస్సెక్కాడు.

మానుకోట హాల్లో ఫ్లెక్సీ కూడా కట్టలేదు. సర్కారు పని ఇట్లాగే ఉంటుందనుకున్నాడు. గుమ్మం దగ్గరే ఫోన్లు తీసుకుని బుట్టలో వేశారు. లోపల నలభై మంది ఉంటే అందరూ మగవాళ్ళే. పక్కన కూర్చున్న కనకయ్యది ఇంకో ఊరు.

“ఒక్క ఆడ సర్పంచ్ గూడ రాలేదేందన్నా?” అన్నాడు కనకయ్య.

“ఎట్లొస్తరే? ఇంట్ల వంటెవలు చేస్తరు?” అన్నాడు వీరస్వామి. ఇద్దరూ కులాసాగా నవ్వుకున్నారు.

శిక్షణ ఇచ్చే మేడం గట్టి మనిషి. మధ్యలో ఒక కుర్చీ వేసి, అందరినీ కింద జంపఖానా మీద కూర్చోబెట్టింది.

“కుర్చీ సర్పంచ్‌ది. సర్పంచ్ మాట్లాడుతున్నప్పుడు మధ్యలో మాట్లాడితే ఏమంటారు?”

“బేఅదబ్, మర్యాద లేనోడంటరు మేడం! మా ఊళ్ళె నేను గదే మొత్తుకుంట,” అన్నాడు వీరస్వామి.

“చాలా బాగుంది. ఇప్పుడు ఒక గంట అందరూ నోరు మెదపకుండా వినండి. చెప్పాలనుకున్నవాళ్ళు చెయ్యెత్తి, పిలిచేదాకా ఆగండి.”

వీరస్వామి మొదటి నిమిషంలోనే చెయ్యెత్తాడు. మేడం పిలవలేదు. చెయ్యి లాగింది, రెండో చెయ్యి ఎత్తాడు. గంటలో పదిసార్లు నాలుక చివరిదాకా వచ్చిన మాటలు వెనక్కి పోయాయి. చివరికి, ఎలా ఉందని మేడం అడిగితే, “పానం పోయినట్టున్నది మేడం,” అన్నాడు నిజాయితీగా. మధ్యాహ్నం చాయ్ వాళ్ళతోనే పెట్టించి, గ్లాసులు కూడా వాళ్ళతోనే కడిగించింది. సర్పంచ్ అంటే ప్రజాసేవకుడు కదా, అలవాటు చేస్తున్నారని కనకయ్యకు వివరించాడు వీరస్వామి.

పొద్దుగూకేవేళకు ఊళ్ళో బస్సు దిగేసరికి సంత జాగాలో సున్నపు గీతలు కనిపించాయి. ఎల్లక్క గంప నెత్తికెత్తుకుంటూ ఆగింది.

“ఏందక్కా, గీ గీతలేంది?”

“మాకు మరుగుదొడ్లు కడుతుండ్రు బిడ్డా! సభల ఊరంత చెయ్యెత్తింది. రజనమ్మ కుర్సీల కూసోని ఒక్కొక్కలను పేరు పెట్టి పిలిసి మాట్లాడిచ్చింది. నన్ను గూడ పిలిసింది,” అంది ఎల్లక్క. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వీరస్వామి ఆమె ముఖంలోకి చూడలేక గబగబా ఇంటికి నడిచాడు.

“నేను లేకుంట సభ ఎట్ల పెట్టినవ్?” గుమ్మంలోంచే అరిచాడు.

“సర్పంచ్ ఉన్నది గద,” అంది రజని, అన్నం వడ్డిస్తూ.

“సభ నడుపుడు మజాకనా? దానికి ట్రైనింగ్ ఉండాలె. గందుకే గదా నేను పొద్దంత ఆడ కింద కూసున్న!” అన్నాడు, కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ.

“నాది ఐదొద్దుల ట్రైనింగ్. పోయిన నెలనే అయిపోయింది.”

వీరస్వామి చేతిలోని ముద్ద నోటిదాకా పోయి ఆగింది. గార్ల, చెల్లె కాన్పు, ఐదు రోజులు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

“మరి నేను పొయ్యొచ్చినదేంది?”

రజని చారు గిన్నె దగ్గరికి జరిపింది.

“సర్పంచుల మొగుళ్ళ ట్రైనింగ్.”