సర్దుకున్న చోటు

ఆ ఆన్‌లైన్ ఆటలో నెలచందా ఆపేసినవాళ్ల బొమ్మలు కోటగుమ్మం పక్కన అరుగు మీద కూర్చుండిపోతాయి. ఒకప్పుడు కంకిపాడు కుర్రాళ్లతోనే ఆ కోట కిటకిటలాడేది. ఇప్పుడు అరుగు నిండిపోయింది. నిలబడి తిరిగేది నతానియేలు ఒక్కడే.

"ఇంకా ఎవరున్నారండీ అందులో?" మంచం మీంచి భార్య వినీల అడిగింది.

"ఎవరూ లేరు. నేనూ ఆపేస్తున్నా. ఇక ఓపిక లేదు."

చందా రద్దు చేయబోతూ అరుగు వైపు చూశాడు. చర్చిలో ఆలస్యంగా వచ్చినవాళ్లకి చోటిస్తూ బెంచీ మీద జరిగినట్టు, కదలలేని ఆ బొమ్మలన్నీ పక్కకు జరిగి ఉన్నాయి. నిరుడు చనిపోయిన స్నేహితుడు డేనియల్ బొమ్మ పక్కన ఇద్దరికి చోటుంది.

ఇద్దరికెందుకు?

ఏనాడూ ఆ ఆట వైపు చూడని వినీల లేచి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"రండి, మన కోసమే సర్దుకున్నారు."