తెర వెనక అందించిన మాట

రాజోలు దగ్గర ఒక ఊరి బడిలో సత్యప్రియ టీచర్ వార్షికోత్సవానికి నాటకం రాసింది. పడవలో రేవు దాటే పిల్లల కథ అది. ముందురోజు చీకటి పడ్డాక స్టేజీ మీద చివరి రిహార్సల్ పెట్టి, తను ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

పడవ నడిపే వేషం వేసిన సాయిదుర్గ మధ్యలో మాట మరిచిపోయింది. టీచర్ అందించేలోపే ఆ పిల్ల తెర వైపు చెవి పెట్టి, "నీళ్లు మెడదాకా వచ్చేసేయి అక్కా, చెయ్యి పట్టుకో" అంది.

సత్యప్రియ కుర్చీలోంచి లేచింది. నాటకంలో ఆ మాట లేదు. తనకి పదేళ్లప్పుడు కాలవలో మునిగిపోతూ చెల్లెలు వీరవేణి అన్న మాట అది. ఆ వేళ తను అక్కడ లేనే లేనని ఇంట్లో అందరికీ చెప్పింది.

"ఎవరు చెప్పేరమ్మా నీకీ మాట?"

"తెర వెనకనుంచి మీ గొంతే కదండీ అందిస్తోంది!"

"నేనిక్కడే ఉన్నానుగా."

పిల్లలు ఆమెని చూసేరు, తెరని చూసేరు. తెర కిందనుంచి చెక్కల మీదకి సన్నగా నీళ్లు పాకుతున్నాయి. సాయిదుర్గ మళ్లీ చెవి పెట్టి, "ఆయ్" అని తలూపింది.

"ఇప్పుడు మీ వంతంటండీ, టీచర్ గారూ."

సత్యప్రియ పిల్లలందరినీ గేటు దాకా పంపేసింది. ఒక్కతే స్టేజీ ఎక్కి తెర ముందు నిలబడింది.

"నేనక్కడే ఉన్నానే వేణీ," అంది. "భయమేసి చూస్తూ ఉండిపోయేను."

పైన తీగ మీద తెర రింగులు ఒక్కొక్కటే పక్కకి జరగడం మొదలెట్టేయి.