అంతమంది అద్భుతమన్నాక

...అసలు వీళ్లలో ఒక్కరైనా దీన్ని తమ గుండెకు ఎక్కించుకుని ఉంటారా అని ఇందుమతి పళ్లు కొరికింది. అందరి గుండెల్లోని యంత్రాలనూ నడిపే ఉచిత ప్రోగ్రాంలో ఎవరో ఒక తప్పు దిద్దారు. విడుదలకు ముందు స్వచ్ఛంద పరీక్షకులు ఆ సవరణను తమ ఒంట్లోనే పరీక్షించాలి. అందరూ "అద్భుతం" అని రాసేసి చేతులు దులుపుకున్నారు. ఆమె ఒక్కతే మిగిలింది.

"నువ్వూ ఓకే కొట్టెయ్యవే. సాయంత్రానికి అమ్మ గుండెకి ఎక్కాలి, దడతో అల్లాడిపోతోంది," అన్నాడు భర్త శశాంక్, దోసె తుంచుతూ.

"మీరూ అద్భుతమని రాశారుగా, మరి ఎక్కించుకున్నారా?"

"నాకేం పిచ్చా? అంతమంది చూశాక కూడానా!"

ఆ అంతమందీ ఇలాగే ఎక్కడో దోసెలు తింటూ ఉంటారు. ఆ ధీమాకి ఆమెకు రోత పుట్టింది. తన వేలూ ఓకే మీదికే వెళ్లడం చూసి ఇంకా రోత పుట్టింది.

గోడకు ఆనుకుని కూర్చుని, సవరణను తన గుండెకు ఎక్కించుకుంది.