రెండో కప్పు

కొత్త పెళ్ళికూతురు కిటికీ గట్టు మీద రెండు కప్పులు జంటగా పెట్టి, ఫోనుతో ఫొటో తీసింది. ‘మా ఇద్దరి పొద్దుటి టీ’ అని రాసి బ్లాగులో పెట్టబోతుంటే, కింది వాటా దర్జీ పిన్ని కుట్టిన దిండు గలీబులు పట్టుకుని వచ్చింది.

"అల్లుడు ఓడ మీదుంటే రెండో కప్పెవరికే?"

దొరికిపోయిన పిల్ల నాలుక కరుచుకుంది.

"బ్లాగు కోసం పిన్నీ. చదివేవాళ్ళంతా మా జంటని చూసి మురిసిపోతున్నారు. ఒక్కదాన్నే ఉన్నానని రాస్తే అయ్యో పాపం అంటారు. నాకది వద్దు."

"నేనూ మురుస్తూనే ఉన్నాలే. కానీ ఆ రెండో కప్పులో ఎప్పుడు చూసినా వట్టి నీళ్ళేనాయె!"

"మీరూ చదువుతారా?"

"రోజూ మొదటి లైకు నాదే. మిషను ఆపానంటే మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. నీ కబుర్లే నాకు తోడు."

పిల్ల ఫోను పక్కన పెట్టింది. తర్వాత నీళ్ళు పారబోసి, ఆ కప్పు నిండా టీ పోసి ఇచ్చింది.

"ముందు ఫొటో తీసుకోవే, పొగలు పోతాయి."

"పోనీండి పిన్నీ. వేడిగా తాగండి."

ఆ పూట బ్లాగులో ఏమీ రాలేదు. మొదటి లైకు కొట్టే మనిషి ఎదురుగానే కూర్చుని, టీ ఊదుకుంటూ తాగుతోంది.