గడప దగ్గర గొంబె

"విప్పనివ్వకు! చిగుసా, చెప్తున్నా, వాణ్ణి బూట్లు విప్పనివ్వకు!"

రేడియోలో కమాండర్ ఒనిజుక గొంతు చించుకుంటున్నాడు. వినేదెవరు? గొంబె అప్పటికే శత్రువుల ఉషియో కోట గుమ్మం దాకా వచ్చేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు. కోట మెట్టు మీద బుద్ధిగా కూర్చున్నాడు.

గొంబె అంటే మనిషి కాదు, నాలుగంతస్తుల మేడంత యుద్ధయంత్రం. మినాసె రేవుకి ఉన్న ఒకే ఒక్క దిక్కు. వాడి తలకాయలో, గాజు కిటికీ వెనక కూర్చుని నడిపేది చిగుసా. వాడికి నడక నేర్పిందీ ఆవిడే. ఆవిడ ఎలా కదిలితే అలా కదిలి, ఎలా నిలబడితే అలా నిలబడి నేర్చుకున్నాడు పాపం. నడకతో పాటు నడవడిక కూడా అంటుకుంది. పరాయి గుమ్మంలోకి బూట్లతో అడుగు పెట్టమంటే చచ్చినా పెట్టడు.

"నేనేం చెయ్యను సార్? వాడికి మొహమాటం."

"మొహమాటమేమిటి నీ మొహం! ముట్టడికి వెళ్ళావా, చుట్టపుచూపుకి వెళ్ళావా?"

కమాండర్ మంటలో అర్థం లేకపోలేదు. ఇంతకు ముందు చేసిన మూడు దాడులూ ఈ గుమ్మం దగ్గరే మట్టికొట్టుకుపోయాయి. గొంబె బూట్లు విప్పి, వాటిని ముక్కులు బయటికి తిరిగేలా జతగా సర్ది, లేచి నిలబడేసరికి కోట తలుపులు ధడేలున మూసుకునేవి. బద్దలుకొట్టొచ్చు కదా అంటారేమో. అది ఇంకా పెద్ద అమర్యాద! మూసిన తలుపుకే నడుము దాకా వంగి ఓ దండం పెట్టి, మళ్ళీ బూట్లు తొడుక్కుని ఇంటిదారి పట్టేవాడు.

ఈ అలవాటు మాన్పించాలని చిగుసా చెయ్యని ప్రయత్నం లేదు. వీధిలోంచి గొంబె తొంగి చూస్తూ ఉండగా, తనే బూట్లేసుకుని ఇంట్లో చాపల మీద టకటకా తిరిగింది. వాళ్ళమ్మ చీపురు తిరగేసింది. గొంబె అదీ చూశాడు.

"ఇదే ఆఖరు," అన్నాడు ఒనిజుక. "ఇవాళ ఆ తలుపు తెరిచి ఉండగా లోపలికెళ్ళాడా, సరే. మళ్ళీ మొహాన పడిందో, వాణ్ణి కొలిమిలో వేయించి నూడుల్స్ గంగాళాలు పోయిస్తా."

అది ఉత్త బెదిరింపు కాదు. పొద్దున బయల్దేరేటప్పుడే చిగుసా చూసింది, కొలిమి దగ్గర బొగ్గు దింపుతున్నారు.

"ఒరే నాన్నా, ఈ ఒక్కసారికి నా మాట విను. ఇలాగే గబుక్కున లోపలికి పోదాం. ఎవరూ ఏమీ అనుకోరు," అని బతిమాలింది.

గొంబె తల అడ్డంగా ఊపాడు. తలలో ఉన్న చిగుసా అటూ ఇటూ ఊగిపోయి కుర్చీ పట్టుకుంది. ఎడమ బూటు ఊడింది. అది నేలకి ఆనిన అదురుకి రేవులో కొంగలన్నీ లేచిపోయాయి.

"సార్, గోడ మీద ఫిరంగులన్నీ మా వైపే ఉన్నాయి. ఒక్కటీ పేలట్లేదు."

"గురి చూస్తున్నార్రా దేవుడా!"

"గుమ్మం ముందు శుభ్రంగా ఊడ్చి నీళ్ళు కూడా చల్లారండీ."

"జారిపడి చస్తారని! ఇక లాభం లేదు, ఎర్ర మీట లాగు. వాడి బుర్ర ఆరిపోతుంది, కాళ్ళు నీ చేతికొస్తాయి. ఉన్న ఒక్క బూటుతోనే, మూసుకునేలోపే ఆ తలుపుని తన్ను!"

చిగుసా మీట మీద చెయ్యి వేసింది. లాగితే గొంబె గొంబెగా మిగలడు, వట్టి ఇనుము. లాగకపోతే కొలిమి. ఎటు చూసినా వాడికే మూడింది. కింద గొంబె కుడి బూటు కూడా విప్పి, దాని అంచుకు బురద అంటి ఉంటే వేలితో తుడుస్తున్నాడు. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది.

"నా వల్ల కాదు సార్. నేర్పింది నేనే. తప్పేమీ నేర్పలేదు," అని రేడియో కట్టేసింది.

గొంబె బూట్లు జతగా సర్దాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేవబోయాడు. చిగుసా కళ్ళు గట్టిగా మూసుకుని ఆ ధడేలుమనే చప్పుడు కోసం ఎదురుచూసింది.

కిర్రుమంది. తలుపులు ఇంకా బార్లా తెరుచుకుంటున్న చప్పుడు!

కళ్ళు తెరిచింది. గుమ్మంలో ఉషియో సేనాపతి కజెహాయ, పండు ముసలాయన, పండగ కిమోనో కట్టుకుని నేలకి నుదురు ఆన్చి ఉన్నాడు. ఆయన వెనక సైన్యం మొత్తం తాళ్ళు పట్టి, ఆపసోపాలు పడుతూ దేన్నో లాక్కొస్తోంది. చేపల పడవలంత ఉన్నాయవి, రెండు. గడ్డితో అల్లి, పైన తెరచాప గుడ్డ వేసి కుట్టారు. కొత్తరకం ఆయుధాలు కాబోలనుకుంది చిగుసా.

"ఏమిటండీ అవి?" కిటికీ తెరిచి అరిచింది.

ముసలాయన తల ఎత్తలేదు. "మీ వాడు మా గుమ్మంలో ఇంత మర్యాదగా బూట్లు విప్పాడు. మూడుసార్లు మేం మొహాన తలుపులేశాం. పెద్దమనసుతో క్షమించాలి తల్లీ."

"యుద్ధం కదండీ, భయపడి వేసుంటారు."

"భయమెందుకమ్మా, సిగ్గుతో చచ్చిపోయాం. లోపలికి రమ్మందామంటే, బూట్లు విప్పిన అతిథికి ఇవ్వాలి కదా, ఆ కాలికి సరిపడే ఇంటి చెప్పులు మా దగ్గర లేకపోయె!"