మూడో సీటు

ఆనకట్ట సాయంత్రం నాలుగూ పదికి తెగుతుందని పొద్దున్నే అందరి ఫోన్లకూ కబురొచ్చింది. ఈ రోజుల్లో ఏ ఆనకట్ట తెగినా ముందే తెలుస్తుంది. రాజవ్వ అంట్లు తోమి, ఇంటికి తాళమేసి, కూతురు సుజాతతో డ్రైవర్ లేని బస్సెక్కింది. బస్సు కదల్లేదు.

“మీ ఇంట్లో ముగ్గురు. ఓదెలు ఇంకా ఎక్కలేదు,” అంది బస్సు.

పద్నాలుగేళ్ల క్రితం, ఈ కబుర్లు లేనప్పుడు, పై ఆనకట్ట తెగి రాజవ్వ భర్త ఓదెలు కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. చనిపోయాడని ఆమె సర్కారు లెక్కల్లో ఎన్నడూ రాయించలేదు.

మూడున్నరయింది. బస్సంతా ఆమెనే చూస్తోంది.

“చెప్పవే అమ్మా,” అంది సుజాత.

“సచ్చిపోయిండు,” అంది రాజవ్వ, ఊరి పేరు చెప్పినంత మామూలుగా.

బస్సు కదిలింది. ఓదెలుకని ఖాళీగా ఉంచిన సీటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. రాజవ్వ కాళ్లు పక్కకు జరిపి ఆయన్ని ఆ సీట్లో కూర్చోనిచ్చింది.