పరీక్ష సంగతి

"చురుకైన పిల్లలకు వేరే తరగతి ఉంటే తప్పేంటి?" బ్రూక్లిన్‌లోని ఆ సర్కారు బడి భోజనాల హాల్లో, తల్లిదండ్రుల మీటింగులో వెర్నెల్ మైకు పట్టుకుని అడిగింది. "నా కూతురు పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు."

తల్లిదండ్రుల్లో సగంమంది చప్పట్లు కొట్టారు. ఆస్పత్రి డ్యూటీ దుస్తుల్లోనే వచ్చిన పక్కింటి ఒడెట్ లేచింది.

"మీ అమ్మాయీ మావాడూ ఒక్క బెంచీ మీదే అక్షరాలు దిద్దారు కదే! అసలు పరీక్ష ఉందని నాకెవరు చెప్పారు?"

"గోడకి నోటీసు అంటించామండీ," అన్నాడు ప్రిన్సిపాల్.

"రెండు షిఫ్టులు చేసేదాన్ని, మీ గోడలు ఎప్పుడు చూడను? చూసినవాళ్లయినా ఒక్క మాట చెప్పొచ్చుగా!"

వెర్నెల్ మైకు ఇచ్చేయబోయి ఆగిపోయింది. నోటీసు అంటించిన వారమంతా వాళ్లిద్దరూ కలిసే పిల్లల్ని బడికి తీసుకొచ్చారు; ఒడెట్ గేటు దగ్గర్నుంచే డ్యూటీకి పరుగెత్తేది. పరీక్ష మాట రోజూ వెర్నెల్ నోటిదాకా వచ్చింది. కానీ సీట్లు ఇరవై అయిదే.

"నేను చూశాను ఒడెట్. కావాలనే చెప్పలేదు. మీవాడు రాస్తే మా పిల్లకి రాదేమోనని భయపడ్డాను."

ఒడెట్ బల్లల మధ్య నుంచి ఆమె దగ్గరికి నడిచొచ్చింది.

"'నాకు తెలివి లేదా అమ్మా' అని వాడు రోజూ అడుగుతున్నాడు," అంది. "ఇంటికి రా. ఈ మాట వాడికి నువ్వే చెప్పు."